నీటి అడుగున సెలవులు – నత్రజని చెప్పే లెక్క

శుక్రవారం సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా బస్సు ఎక్కడం. శనివారం కర్ణాటక తీరంలోని మురుడేశ్వర్‌లో బస. ఆదివారం ఉదయం పడవ మీద నేత్రాణి ద్వీపం చేరి, సముద్రంలోకి రెండు మునకలు. ఆ సాయంత్రమే మళ్లీ బస్సు. పడమటి కనుమలు ఎక్కి, సోమవారం తెల్లవారేసరికి బెంగళూరు, తొమ్మిదిన్నరకు ఆఫీసులో హాజరు. నగరాల్లో ఉద్యోగాలు చేసే ఎందరో యువతీయువకులు ఈనాడు సెలవులను ఇలా గడుపుతున్నారు. నేత్రాణి ఒక్కటే కాదు. అండమాన్ దీవులు, లక్షద్వీప్, గోవా, మహారాష్ట్రలోని మాల్వణ్, పుదుచ్చేరి, మన విశాఖపట్నం దగ్గరి రుషికొండ – అన్నిచోట్లా వీపున గాలి సిలిండరు కట్టుకుని నీటి అడుగుకు వెళ్లే 'స్కూబా డైవింగ్' అందుబాటులోకి వచ్చింది.

కొద్దిపాటి సెలవులో ఎక్కువ చూడాలని కోరుకోవడంలో తప్పేమీ లేదు. అయితే పైన చెప్పిన కార్యక్రమంలో ఒక చిక్కు ఉంది. నీటిలో మనం ఎంత లోతుకు వెళ్లామో, ఎంతసేపు ఉన్నామో మన శరీరం లెక్క రాసుకుంటుంది. ఆ లెక్క నీటిలోంచి బయటికి రాగానే కొట్టివేయబడదు. తీరడానికి గంటలు పడుతుంది. అది తీరకముందే కొండ ఎక్కినా, విమానం ఎక్కినా ప్రమాదం రావచ్చు. ఎందుకో తెలుసుకోవాలంటే పెద్ద చదువులు అక్కరలేదు. పాఠ్యపుస్తకాల్లోని రెండు వాయుసూత్రాలు చాలు.

బావిలో చెవి ఎందుకు నొప్పి పుడుతుంది?

ఊరి బావిలో ఈత నేర్చుకున్నవారికి ఒక పందెం తెలిసే ఉంటుంది. అడుగు దాకా మునిగి గుప్పెడు మట్టి తీసుకురావాలి. రెండు మూడు నిలువుల లోతుకు వెళ్లేసరికి చెవుల్లో పోటు మొదలవుతుంది. అది నీటి పీడనం పని.

సముద్రమట్టం దగ్గర గాలి మన మీద ప్రతి చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలోగ్రాము బరువుతో నొక్కుతూ ఉంటుంది. దీన్నే ఒక వాతావరణ పీడనం అంటాం. సముద్రంలో 10 మీటర్లు దిగితే, పైనున్న నీరు ఇంకొక వాతావరణమంత పీడనం కలుపుతుంది. అంటే 10 మీటర్ల దగ్గర మొత్తం పీడనం 2, 20 మీటర్ల దగ్గర 3, 30 మీటర్ల దగ్గర 4 వాతావరణాలు.

పీడనం రెట్టింపయితే వాయువు ఘనపరిమాణం సగమవుతుందని రాబర్ట్ బాయిల్ 1662లో ప్రకటించాడు. మన శరీరం చాలావరకు నీరే కనుక ఈ పీడనానికి నలగదు. గాలి ఉన్న చోట్లే చిక్కంతా. కర్ణభేరి వెనుక ఉన్న చిన్న గదిలోని గాలి కుంచించుకుపోతే కర్ణభేరి లోపలికి వంగుతుంది. అదే పోటు. ముక్కు మూసి, నోరు మూసి, నెమ్మదిగా గాలిని ముక్కులోకి నెడితే గొంతు నుంచి చెవిలోకి ఉన్న సన్నని గొట్టం తెరుచుకుని పీడనం సమమవుతుంది. డైవింగ్ శిక్షకులు మొదట నేర్పేది ఇదే. జలుబు చేసినప్పుడు ఆ గొట్టం వాచి మూసుకుపోతుంది. అందుకే జలుబుతో నీటిలోకి దిగరాదు.

ఇక్కడ ఒక విశేషం గమనించండి. నీటి పైనుంచి 10 మీటర్లకు దిగితే గాలి ఘనపరిమాణం సగానికి పడిపోతుంది. కాని 20 నుంచి 30 మీటర్లకు దిగితే మూడోవంతు నుంచి నాలుగోవంతుకు మాత్రమే తగ్గుతుంది. అంటే అన్నిటికన్నా పెద్ద మార్పు పైభాగంలోనే జరుగుతోంది. 'లోతు తక్కువ కదా, భయమేముంది' అనుకోవడం సరికాదన్నమాట.

వీపు మీద గాలి

తూత్తుకుడి దగ్గర మన్నారు సింధుశాఖలో తరతరాలుగా ముత్యపు చిప్పలు తీసినవారు రాయి ఆధారంగా వేగంగా అడుగుకు దిగి, ఒక్క ఊపిరితోనే పని ముగించి పైకి వచ్చేవారు. వారి ఊపిరితిత్తుల్లో 6 లీటర్ల గాలి ఉందనుకుందాం. 10 మీటర్ల లోతులో అది 3 లీటర్లకు కుంచించుకుపోతుంది. పైకి రాగానే మళ్లీ 6 లీటర్లు అవుతుంది. కొత్తగా చేరిన గాలి ఏమీ లేదు.

స్కూబా డైవింగ్ ఇందుకు భిన్నం. 1943లో ఫ్రాన్స్‌లో జాక్ కూస్తో, ఎమిల్ గాన్యాన్ అనే ఇద్దరు, మనిషి ఊపిరి పీల్చినప్పుడు మాత్రమే, అదీ చుట్టూ ఉన్న నీటి పీడనానికి సమానమైన పీడనంతో గాలిని అందించే కవాటాన్ని తయారుచేశారు. ఈనాటి పరికరాలన్నిటికీ మూలం అదే. దాని వల్లనే లోతులో కూడా హాయిగా ఊపిరి తీసుకోగలుగుతున్నాం. అయితే దీని పర్యవసానం చూడండి. 20 మీటర్ల లోతులో ఊపిరితిత్తుల నిండా పీల్చిన 6 లీటర్ల గాలి, నీటి పైకి వచ్చేసరికి మూడు రెట్లు, అంటే 18 లీటర్లు కావాలి. ఊపిరి బిగబట్టి పైకి వస్తే ఆ గాలికి పోయే దారి లేదు. ఊపిరితిత్తులు చిరిగి, గాలి బుడగలు రక్తంలో చేరి మెదడుకు పోవచ్చు. రెండు మీటర్ల లోతు నుంచి ఇలా పైకి వచ్చినా హాని జరగవచ్చు. కనుక స్కూబా డైవింగ్‌లో మొదటి సూత్రం: ఊపిరి ఎన్నడూ బిగబట్టరాదు. అదృష్టవశాత్తు ఈ ప్రమాదాన్ని తప్పించుకోవడం మన చేతుల్లోనే ఉంది. శ్వాస ఆపకుండా, నెమ్మదిగా పైకి వస్తే చాలు.

రెండో ప్రమాదం ఇంత స్పష్టంగా కనబడదు. దాన్ని తెలుసుకోవడానికి సముద్రం వదిలి సోడా బండి దగ్గరికి వెళ్దాం.

గోలీ సోడా చెప్పే పాఠం

గోలీ సోడా సీసాను చేతిలోకి తీసుకుని చూస్తే లోపల ద్రవం నిశ్చలంగా ఉంటుంది. ఒక్క బుడగ కనబడదు. గోలీని లోపలికి నొక్కగానే 'కీచు'మని శబ్దం, ఆపై బుడగలే బుడగలు. ఆ వాయువు ఎక్కడినుంచి వచ్చింది? అది మొదటినుంచీ అందులోనే, ద్రవంలో కరిగి ఉంది. ద్రవంలో ఎంత వాయువు కరుగుతుందన్నది దాని మీద ఆ వాయువు చూపే పీడనాన్ని బట్టి ఉంటుందని ఇంగ్లండుకు చెందిన విలియం హెన్రీ 1803లో కనుగొన్నాడు. పీడనం ఎక్కువైతే ఎక్కువ కరుగుతుంది. పీడనం తగ్గితే అదనంగా ఉన్నది బయటికి రావాలి.

మనం పీల్చే గాలిలో దాదాపు అయిదింట నాలుగు వంతులు నత్రజని. ఆక్సిజన్‌ను శరీరం ఖర్చు చేసుకుంటుంది. నత్రజనిని ఖర్చు చేయదు. అది ఊరికే రక్తంలో, కండరాల్లో, కొవ్వులో కరిగి ఉంటుంది. 20 మీటర్ల లోతులో మూడు రెట్ల పీడనంతో గాలి పీల్చే మనిషి శరీరంలోకి నత్రజని నిమిషనిమిషానికీ చేరుతూ ఉంటుంది. కొవ్వులో అది నీటిలో కన్నా సుమారు అయిదు రెట్లు ఎక్కువగా కరుగుతుంది.

నెమ్మదిగా పైకి వస్తే ఈ నత్రజని రక్తం ద్వారా ఊపిరితిత్తులకు చేరి, ఊపిరితో పాటు బయటికి పోతుంది. త్వరగా వస్తే గోలీ నొక్కిన సీసా పరిస్థితే. కణజాలాల్లో, రక్తంలో బుడగలు పుడతాయి. కీళ్లలో నొప్పి, చర్మం మీద దద్దురు, తిమ్మిరి, విపరీతమైన అలసట, తల తిరగడం, ఒక్కొక్కప్పుడు కాళ్లు పడిపోవడం దీని లక్షణాలు. దీన్ని 'పీడన విముక్తి వ్యాధి' అనవచ్చు. డైవర్లు 'బెండ్స్' అంటారు.

వంతెనల కింద పుట్టిన జబ్బు

ఈ బుడగను మొదట చూసింది బాయిల్ మహాశయుడే. గాలి తీసివేసిన పాత్రలో ఉంచిన ఒక పాము కంట్లో బుడగ కదలడాన్ని గమనించి ఆయన 1670లో రాశాడు. మనుషుల్లో ఈ జబ్బు పెద్ద ఎత్తున కనబడింది పంతొమ్మిదో శతాబ్దంలో. నదుల్లో వంతెన స్తంభాలకు పునాదులు తవ్వడానికి అడుగు లేని పెద్ద పెట్టెను నదిలోకి దించి, నీరు రాకుండా దాన్ని సంపీడన గాలితో నింపేవారు. కార్మికులు ఆ గాలిలో పనిచేసి, పైకి వచ్చాక నొప్పులతో మెలికలు తిరిగేవారు. అమెరికాలోని సెయింట్ లూయీ వంతెన, న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ వంతెన పనుల్లో కొందరు మరణించారు కూడా. బ్రూక్లిన్ వంతెన ప్రధాన ఇంజనీరు వాషింగ్టన్ రోబ్లింగ్ 1872లో ఈ జబ్బుతోనే మంచం పట్టాడు. ఆయన భార్య ఎమిలీ పనులు దగ్గరుండి నడిపించగా 1883లో వంతెన పూర్తయింది. అంతలో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాల్ బెర్ 1878లో ఈ జబ్బుకు మూలం నత్రజని బుడగలేనని ప్రయోగపూర్వకంగా నిరూపించాడు.

కారణం తెలిసింది. మరి ఎంత నెమ్మదిగా పైకి రావాలి? ఈ ప్రశ్నకు సమాధానం చెప్పినవాడు జాన్ స్కాట్ హాల్డేన్.

మేకలు, హాల్డేన్, కాకినాడ

బ్రిటిష్ నౌకాదళం కోసం హాల్డేన్ లండన్‌లో మేకల మీద ప్రయోగాలు చేశాడు. వాటిని ఉక్కు గదిలో ఉంచి పీడనం పెంచి, రకరకాల వేగాలతో తగ్గించి చూశాడు. కీలు నొప్పి పుట్టిన మేక ముందుకాలు ఎత్తి పట్టుకునేది. ఎంతసేపున్నా సరే, 2 వాతావరణాల నుంచి 1కి ఒక్కసారిగా తగ్గిస్తే మేకలకు ఏమీ కాలేదు. దీన్ని బట్టి ఆయన, పీడనాన్ని సగానికి మించి ఒక్కసారిగా తగ్గించకుండా, దశలు దశలుగా ఆగుతూ పైకి రావాలని సూత్రీకరించాడు. 1908లో తన సహచరులు బాయ్‌కాట్, డామంట్‌లతో కలిసి ఏ లోతు నుంచి ఎక్కడ ఎంతసేపు ఆగాలో పట్టికలు ప్రకటించాడు. ఈనాడు డైవర్లు ముంజేతికి కట్టుకునే చిన్న కంప్యూటర్లు చేసే లెక్కకు పునాది ఆ పట్టికలే.

ఆ ప్రయోగాల కాలంలో, 1906లో, హాల్డేన్ తన పదమూడేళ్ల కొడుకును కూడా డైవింగ్ దుస్తులు తొడిగి సముద్రంలోకి దింపాడు. ఆ కుర్రవాడే తరువాత జన్యుశాస్త్రంలో ప్రసిద్ధుడైన జె.బి.ఎస్. హాల్డేన్. 1939లో 'థెటిస్' జలాంతర్గామి మునిగిన తరువాత ఆయన కూడా పీడన గదుల్లో తన శరీరం మీదే ఎన్నో ప్రయోగాలు చేసుకున్నాడు. 1957లో భారతదేశానికి వచ్చి స్థిరపడి, ఇక్కడి పౌరసత్వం తీసుకుని, 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. ఆయన కోరిక ప్రకారం భౌతికకాయాన్ని వైద్య విద్యార్థుల చదువు కోసం కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు.

సగానికి సగం

హాల్డేన్ గమనించిన మరో ముఖ్య విషయం: శరీరంలోని అన్ని భాగాలూ ఒకే వేగంతో నత్రజనిని తీసుకోవు, ఒకే వేగంతో వదలవు. రక్తప్రసరణ బాగా ఉన్న భాగాలు త్వరగా నింపుకుని త్వరగా వదులుతాయి. కొవ్వు వంటివి నెమ్మదిగా నింపుకుని నెమ్మదిగా వదులుతాయి. అదనంగా ఉన్న నత్రజనిలో సగం పోవడానికి పట్టే కాలాన్ని 'అర్ధకాలం' అందాం. రేడియోధార్మిక పదార్థాల అర్ధాయువు వంటిదే ఇది. హాల్డేన్ శరీరాన్ని 5, 10, 20, 40, 75 నిమిషాల అర్ధకాలాలు గల అయిదు భాగాలుగా ఊహించాడు.

ఒక్కో అర్ధకాలానికి అదనపు నత్రజని నూరు నుంచి 50, 25, 12.5, 6.25... ఇలా తగ్గుతుంది. ఆరు అర్ధకాలాలు గడిస్తే నూటికి రెండు కూడా మిగలదు. 5 నిమిషాల భాగానికి ఇది అరగంటలో జరిగిపోతుంది. 75 నిమిషాల భాగానికి ఏడున్నర గంటలు కావాలి. తరువాతి శాస్త్రజ్ఞులు ఇంకా నిదానమైన భాగాలను లెక్కలోకి తీసుకున్నారు. స్విట్జర్లాండ్‌కు చెందిన బ్యూల్‌మన్ పట్టికల్లో అన్నిటికన్నా నిదానమైన భాగం అర్ధకాలం 635 నిమిషాలు, అంటే పదిన్నర గంటలకు పైమాటే.

ఇలాంటి నిదానమైన భాగాల్లోకి ఒక్క మునకలో చేరే నత్రజని కొద్దిగానే ఉంటుంది. కాని రోజుకు రెండు మూడు చొప్పున వరుసగా మునకలు వేస్తే, పాతది పోకముందే కొత్తది చేరుతుంది. నాలుగు రోజుల సెలవులో వీలైనన్ని మునకలు వేయాలనుకునేవారి విషయంలో జరిగేది ఇదే.

నీరు వదిలాక ఎత్తుకు వెళితే?

ఇప్పుడు మన ఆదివారం ప్రయాణికుల దగ్గరికి వద్దాం. మునక ముగించుకుని ఒడ్డుకు చేరిన ఒక వ్యక్తి కొవ్వులో నత్రజని పీడనం ఇంకా 1.2 వాతావరణాలు ఉందనుకుందాం (ఇది లెక్క కోసం అనుకున్న సంఖ్య). ఒడ్డున బయటి పీడనం 1. నిష్పత్తి 1.2 మాత్రమే. మరేమీ జరగదు. అదే వ్యక్తి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉన్న బెంగళూరుకు వెళితే బయటి పీడనం 0.9కి తగ్గుతుంది. నిష్పత్తి 1.33కు పెరుగుతుంది. విమానం ఎక్కితే? విమానం లోపల గాలి పీడనాన్ని నేలమట్టానికి సమానంగా ఉంచరు. సాధారణంగా 1,800 నుంచి 2,400 మీటర్ల ఎత్తున ఉండే పీడనాన్ని ఉంచుతారు. 2,400 మీటర్ల దగ్గర అది సుమారు 0.75. అప్పుడు నిష్పత్తి 1.6 అవుతుంది. అంటే సగం తెరిచిన సోడా సీసా మూతను పూర్తిగా తీసివేసినట్టే. ఒడ్డున ఏ బాధా లేని మనిషికి ఆకాశంలో కీళ్లనొప్పి మొదలు కావచ్చు.

ఈ విషయం మీద 2002లో అమెరికాలో జరిగిన నిపుణుల సమావేశం కొన్ని సూచనలు చేసింది. పైకి వచ్చేటప్పుడు దశలవారీగా ఆగవలసిన అవసరం లేని మునక ఒక్కటే వేస్తే, విమానం ఎక్కడానికి కనీసం 12 గంటలు ఆగాలి. రోజుకు ఒకటికి మించి గాని, వరుసగా కొన్ని రోజులు గాని మునిగితే కనీసం 18 గంటలు. తప్పనిసరిగా దశలవారీగా ఆగవలసినంత లోతైన, దీర్ఘమైన మునకలయితే ఇంకా చాలా ఎక్కువ. ఒక పూర్తి రోజు ఆగడం తేలికగా గుర్తుండే పద్ధతి. ఈ గడువులు ప్రమాదాన్ని తగ్గిస్తాయేగాని పూర్తిగా తొలగించవు. సుమారు 600 మీటర్లకు పైబడిన కొండ ప్రయాణాలకూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. ఉదయం రుషికొండలో మునిగి సాయంత్రానికి అరకు లోయకు బయలుదేరేవారు, అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉందని గుర్తుంచుకోవాలి.

సెలవును ఎలా అమర్చుకోవాలి?

నిజానికి దీనికి కావలసింది అదనపు సెలవు కాదు, రోజుల వరుస మార్చడం.

నేత్రాణి ప్రయాణాన్నే తీసుకోండి. ఆదివారం పదకొండు గంటలకు రెండో మునక ముగిస్తే, 18 గంటలు నిండేది సోమవారం తెల్లవారుజామున అయిదింటికి. అప్పటికి బస్సు కనుమలు దాటి ఉంటుంది. అదే శనివారం మునిగి, ఆదివారం మురుడేశ్వర్ గుడి, సముద్రతీరం చూసి సాయంత్రం బస్సెక్కితే ముప్పై గంటల వ్యవధి దొరుకుతుంది. అయితే రాత్రంతా బస్సులో నిద్ర లేకుండా వచ్చి వెంటనే నీటిలోకి దిగడం మంచిది కాదు. ఒక రోజు ముందే బయలుదేరగలిగితే మేలు.

అండమాన్‌కు అయిదు రోజుల కోసం వెళ్లేవారు మొదటి రోజు విశ్రాంతికి, రెండు, మూడు రోజులు డైవింగ్‌కు పెట్టుకోవాలి. నాలుగో రోజున స్వరాజ్ ద్వీప్ (2018 దాకా హేవ్‌లాక్) నుంచి శ్రీ విజయపురం (2024 దాకా పోర్ట్ బ్లెయిర్) చేరి సెల్యులర్ జైలు చూడవచ్చు. అయిదో రోజు విమానం. నాలుగో రోజు కూడా నీటిలో ఆడుకోవాలనిపిస్తే, పైన తేలుతూ ముఖానికి అద్దం, గొట్టం పెట్టుకుని పగడాలను చూసే స్నార్కెలింగ్ ఉంది. అందులో సంపీడన గాలి పీల్చరు కనుక నత్రజని లెక్క పెరగదు. ఆ రోజు లోతుగా మునగకుండా నీటి పైనే ఉండడం మంచిది.

నీటిలో పాటించవలసినవి కూడా కొన్ని ఉన్నాయి. నిమిషానికి 9 మీటర్లకు మించని వేగంతో పైకి రావాలి. 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి. మునకకు ముందు మంచినీళ్లు బాగా తాగాలి, మద్యం ముట్టరాదు. తొలిసారి వెళ్లేవారిని శిక్షకులు సాధారణంగా 12 మీటర్లు దాటనివ్వరు. ప్రాథమిక శిక్షణ పొందినవారికి హద్దు 18 మీటర్లు. సరదా డైవింగ్‌కు చివరి హద్దు 40 మీటర్లు. ఆస్తమా, గుండె జబ్బు, చెవి జబ్బులు ఉన్నవారు ముందే వైద్యుని అడగాలి. ముందు ఇచ్చే ఆరోగ్య ప్రశ్నాపత్రంలో నిజం దాచకూడదు. డబ్బు కట్టేశాం కదా అని జలుబుతో దిగితే చెవికి చేటు.

మునిగిన తరువాత ఒక రోజు లోపల కీళ్లనొప్పి, తిమ్మిరి, తల తిరగడం వంటివి కనబడితే 'ప్రయాణం అలసట' అని కొట్టిపారేయకూడదు. వెంటనే స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇవ్వాలి. రక్తంలో నత్రజని లేని గాలి తిరిగితే కణజాలాల్లోని నత్రజని త్వరగా బయటికి వస్తుంది. తరువాత రోగిని పీడన గదిలో ఉంచి, మళ్లీ 18 మీటర్ల లోతుకు సమానమైన పీడనంలో ఆక్సిజన్ పీల్పిస్తూ కొన్ని గంటలపాటు నెమ్మదిగా తగ్గిస్తారు. బుడగలు కుంచించుకుని కరిగిపోతాయి. ఎంత త్వరగా చికిత్స మొదలైతే అంత మేలు. అందుకే డైవింగ్‌కు పేరు నమోదు చేసుకునే ముందే రెండు ప్రశ్నలు అడగండి: పడవలో ఆక్సిజన్ ఉందా? దగ్గరలో పీడన గది ఉన్న ఆసుపత్రి ఏది? సరైన సమాధానం చెప్పలేని చోట దిగకపోవడమే మంచిది.

ఈ జబ్బు అరుదైనదే. నియమాలు పాటించేవారిలో మరీ అరుదు. కాబట్టి భయపడి సముద్రానికి దూరంగా ఉండనక్కరలేదు. పగడపు దిబ్బల మధ్య చేపల గుంపులతో కలిసి ఈదడం జీవితంలో ఒక్కసారైనా పొందదగిన అనుభవం. మీ ఇంట్లో అన్నయ్యో, అక్కయ్యో, పిన్నిబాబాయిలో ఇలాంటి ప్రయాణానికి టిక్కెట్లు కొంటుంటే, చివరి మునకకూ తిరుగు ప్రయాణానికీ మధ్య ఎన్ని గంటలున్నాయో లెక్కపెట్టి చూపండి. పద్దెనిమిదికి తక్కువైతే టిక్కెట్టు మార్చుకోమనండి.